ఆ వ్యాసం వేయాల్సింది పెద్దవాళ్ళ పేజీలో కాదండీ

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పేపర్లో మతిమరుపు జబ్బు గురించి అరపేజీ వ్యాసం వేశారు. బాగానే రాశారు, రాసిన డాక్టర్ గారికి నేనేం వంకలు పెట్టట్లేదు. నా గొడవంతా అది ఎక్కడ వేశారన్నదే. పెద్దవాళ్ళ పేజీలో, మోకాళ్ళ నొప్పుల నూనె యాడ్ పక్కన, పైన చేతికర్ర పట్టుకుని పార్కులో నవ్వుతున్న తెల్లజుట్టు తాతగారి ఫోటో. సోమవారం ఆ పేపర్ని మా బ్యాంకు బ్రాంచికి పట్టుకెళ్ళా, అక్కడ మేం ఆరుగురం పేపర్ని షీట్లు షీట్లుగా పంచుకుంటాం, ఒకరు సినిమా, ఒకరు క్రికెట్టు, ఒకరు బంగారం రేటు, ఆ షీటు మాత్రం ఎవరూ ముట్టుకోలేదు, మధ్యాహ్నం దాన్ని పరిచి టిఫిన్ బాక్సులు పెట్టుకున్నారు. మా అమ్మకి ఆ జబ్బు లేకపోతే నేనూ ముట్టుకునేదాన్ని కాదు.

చదివాక నాకు అనిపించిందేంటంటే ఇది అమ్మ చదవాల్సిన వ్యాసం కాదు, నేను చదవాల్సింది. నాకు 49. మా బ్రాంచిలో ఒక్క కుర్రాడు తప్ప అందరం 40కీ 58కీ మధ్య వాళ్ళమే. వ్యాసం చివర్లో క్రమం తప్పకుండా వ్యాయామం చేయాలి అని ఒకే ఒక లైను ఉంది చూశారా, అసలు సంగతంతా అక్కడే ఉంది, ఎవరు చెయ్యాలి, ఏ వయసు నుంచి చెయ్యాలి, ఎంత చెయ్యాలి అన్నది లేకుండా దాటేశారు.

మా అమ్మ సంగతి కొంచెం చెప్పాలి. అమ్మకి 76. ఒకప్పుడు మా వీధి చీటీ అమ్మే నడిపేది, ఇరవై మంది సభ్యులు, పుస్తకం గిస్తకం ఏం లేదు, ఎవరు ఎన్ని నెలలు కట్టారు, ఎవరు ఎంతకి పాడుకున్నారు, ఎవరి దగ్గర ఎంత ఆగింది అన్నీ నోటి లెక్కే, ఒక్క రూపాయి తేడా వచ్చేది కాదు. మొన్న అదే మనిషి పొద్దున్నే పాల ప్యాకెట్ కత్తిరించి గిన్నెలో పోసి, ఖాళీ ప్యాకెట్ని జాగ్రత్తగా మడిచి ఫ్రిజ్‌లో పెట్టి, పాల గిన్నెని తీసుకెళ్ళి బట్టల బీరువాలో చీరల పక్కన పెట్టింది. పాలేవమ్మా అంటే పాలవాడు రాలేదు అంది. సాయంత్రం వాసనొస్తే తెలిసింది. పట్టుచీర పోయినందుకు కాదు గానీ, అమ్మ ఆ చీర వంక చూసి ఎవరిదే ఇది బాగుంది అన్నప్పుడు నాకు కాళ్ళల్లో సత్తువ పోయినట్టయింది.

గుంటూరులో డాక్టర్ గారు స్కాన్ చూసి మొదట అడిగింది మతిమరుపు గురించి కాదు, బీపీ ఎప్పట్నుంచమ్మా అని. నలభై దాటిన కొత్తలోనే వచ్చిందండీ అన్నా. మందులు వాడేదా అన్నారు. తల తిరిగినప్పుడు వేసుకునేది, తగ్గితే మానేసేది, మీకు తెలుసుగా మనవాళ్ళ సంగతి. నడిచేదా అన్నారు. నడకా? ఇంట్లో పొద్దస్తమానం తిరుగుతూనే ఉండేదిగా అన్నా. ఆయన ఏం అనలేదు, ఆ స్కాన్ ఫిల్ములో చిన్న చిన్న తెల్ల మచ్చలు చూపించి ఇవి ఇవాళ నిన్న వచ్చినవి కావమ్మా అని మాత్రం అన్నారు.

ఆ రోజు బస్సులో ఇంటికొస్తా లెక్క వేసుకున్నా. అల్జీమర్స్ లాంటి మతిమరుపు జబ్బుల్లో మెదడులో మార్పులు బయటికి కనపడటానికి 15, 20 ఏళ్ళ ముందే మొదలవుతాయంట. అంటే అమ్మకి 70లో బయటపడిందంటే యాభైల్లోనే మొదలైనట్టు, అంటే నేను ఇప్పుడున్న వయసుకి కాస్త అటూ ఇటూ. అప్పుడు మాకెవరికీ ఏం తెలియదు, నేను డిగ్రీ అయ్యి బ్యాంకు పరీక్షలకి చదువుకుంటన్నా, అమ్మ నాకు అర్ధరాత్రి టీ పెట్టిచ్చేది.

ఇక అప్పట్నుంచి దొరికిందల్లా చదివా. నేను డాక్టర్ని కాదు, బ్యాంకులో కూర్చుని లెక్కలు చూసుకునేదాన్ని, కానీ లెక్కలు చదవడం వచ్చు. లాన్సెట్ అనే వైద్య పత్రిక పెట్టిన కమిషన్ 2024లో చెప్పిందేంటంటే ప్రపంచంలో డిమెన్షియా, అంటే ఈ మతిమరుపు జబ్బే, ఆ కేసుల్లో దాదాపు 45 శాతం వెనక మనం మార్చుకోగలిగిన కారణాలు 14 ఉన్నాయని. ఆ 14లో చిన్నప్పటిది ఒక్కటే, చదువు లేకపోవడం. ముసలితనానివి మూడు. మిగతా పది నడివయసువే, బీపీ, షుగరు, చెడ్డ కొలెస్ట్రాలు, ఊబకాయం, వినికిడి తగ్గడం, డిప్రెషను, తలకి దెబ్బలు, సిగరెట్టు, మందు, ఇంకా కదలకుండా కూర్చోవడం. పద్నాలుగులో పది మా వయసు ఖాతాలో ఉంటే మీరు తాతగారి ఫోటో వేస్తారా అండీ? పైగా ఆ పదిలో కదలకపోవడం అనేది ఒంటరిది కాదు, బీపీ షుగరు కొలెస్ట్రాలు బరువు డిప్రెషను ఇవన్నీ దాని చుట్టాలే, ఒకదాన్ని పిలిస్తే అన్నీ భోజనానికి వస్తాయి.

మన దేశం లెక్క కూడా చెప్తా. 60 దాటిన వాళ్ళల్లో 7.4 శాతం మందికి డిమెన్షియా ఉందని, అంటే దాదాపు 88 లక్షల మంది అని 2023లో వచ్చిన సర్వే అంచనా, అందులో మగవాళ్ళ కన్నా ఆడవాళ్ళు ఎక్కువ, టౌన్ల కన్నా పల్లెల్లో ఎక్కువ. పల్లెల్లో పొలం పనులు చేస్తారుగా మరి వాళ్ళకెందుకు అని నేనూ అనుకున్నా, చదువు తక్కువ, బీపీ ఉందో లేదో చూపించుకోరు, అవి కూడా లెక్కలోకి వస్తాయి, నడక ఒక్కటే మంత్రం కాదని అక్కడే అర్థమైంది. ఇంకో లెక్క, 2022 నాటికి మన దేశంలో 18 దాటిన వాళ్ళల్లో దాదాపు సగం మంది చాలినంత కదలట్లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళ లెక్క, ఆడవాళ్ళల్లో 57 శాతం, మగవాళ్ళల్లో 42. మా బ్రాంచి సంగతి వేరే చెప్పక్కర్లేదు, క్యాష్ కౌంటర్ నుంచి బాత్రూముకి, బాత్రూము నుంచి క్యాష్ కౌంటర్‌కి, అదీ మా పాదయాత్ర.

నన్ను బాగా పట్టుకున్నది మాత్రం స్వీడన్లో గోథెన్‌బర్గ్ ఊరి కథ. 1968లో అక్కడ 38 నుంచి 60 ఏళ్ళ ఆడవాళ్ళు 191 మందిని కదలని సైకిల్ ఎక్కించి ఇంక తొక్కలేం బాబోయ్ అనేదాకా తొక్కించారు. ఎవరికెంత దమ్ముందో రాసుకున్నారు. తర్వాత 44 ఏళ్ళ పాటు వాళ్ళని చూస్తూ వచ్చారు, ఆ ఓపికకే దండం పెట్టాలి. బాగా దమ్మున్న వాళ్ళల్లో డిమెన్షియా వచ్చింది 5 శాతం మందికి, ఓ మోస్తరు వాళ్ళల్లో 25 శాతం, దమ్ము తక్కువ వాళ్ళల్లో 32 శాతం, మధ్యలోనే బీపీ పెరిగో గుండెలో నొప్పొచ్చో ఆపాల్సి వచ్చిన వాళ్ళల్లో 45 శాతం. దమ్మున్న వాళ్ళల్లో వచ్చిన ఆ కొద్దిమందికి కూడా దాదాపు పదేళ్ళు ఆలస్యంగా వచ్చింది. 191 మంది అంటే చిన్న లెక్కే, దాన్ని పట్టుకుని ఊరూరా డప్పు కొట్టకూడదని నాకూ తెలుసు. కానీ ఆ ఆడవాళ్ళ వయసు చూడండి. 38 నుంచి 60. మా బ్రాంచే.

మరి రెండో వైపు కూడా చెప్పకపోతే మోసం చేసినట్టవుద్ది. లండన్లో గవర్నమెంటు ఉద్యోగుల మీద, పది వేల మంది పైగా, వైట్‌హాల్ అని పెద్ద స్టడీ ఉంది. 2017లో వాళ్ళు 28 ఏళ్ళ లెక్క చూసి నడివయసులో వ్యాయామం చేస్తున్నాం అని చెప్పినవాళ్ళకీ చెయ్యనివాళ్ళకీ డిమెన్షియాలో తేడా కనపడలేదన్నారు. పైగా జబ్బు బయటపడటానికి తొమ్మిదేళ్ళ ముందు నుంచే మనుషుల కదలిక తగ్గిపోతుందంట, అంటే కదలక జబ్బొచ్చిందా, జబ్బు లోపల మొదలయ్యి కదలిక తగ్గిందా అని. ఇది చదివి నేను రెండు రోజులు వాకింగ్ మానేశా, నిజం చెప్తన్నా. మూడో రోజు మళ్ళీ ఆలోచిస్తే ఒకటి తట్టింది, లండన్ వాళ్ళు అడిగింది వారానికి ఎన్ని గంటలు చేస్తావు అని కాగితం మీద, గోథెన్‌బర్గ్ వాళ్ళు చూసింది సైకిల్ ఎక్కించి. నోటితో చెప్పే వ్యాయామానికీ ఒంట్లో ఉన్న దమ్ముకీ ఎంత తేడా ఉంటుందో నాకు బాగా తెలుసు, లోన్ అప్లికేషన్లో రాసే ఆదాయం, అసలు ఆదాయం రోజూ చూసేదాన్నిగా. ఇది నా ఊహే, శాస్త్రం కాదు. కానీ నా గోల్ నేను మార్చుకున్నది ఇక్కడే.

ముందు నేను పెట్టుకున్న గోల్ అందరూ పెట్టుకునేదే, రోజుకి పదివేల అడుగులు. మా అబ్బాయి వాచీ కొనిచ్చాడు. ఎనిమిది రోజులు కొట్టా. రాత్రి పదకొండింటికి ఇంకా 1,400 తక్కువున్నాయని నైటీ మీద డాబా మీద గిరగిరా తిరుగుతుంటే పక్కింటి వాళ్ళు ఏమైందమ్మా ఏమన్నా పోయిందా అని టార్చిలైటు వేశారు. తొమ్మిదో రోజు కుడి మోకాలు వాచింది, వాచీ బీరువాలోకెళ్ళింది, అదే బీరువా. రెండు నెలలు దాని మొహం చూళ్ళేదు. ఇంతకీ ఆ పదివేలు ఎక్కడిదో తెలుసా అండీ, 1964లో టోక్యో ఒలింపిక్స్ అయ్యాక 1965లో జపాన్లో ఒక కంపెనీ అడుగులు లెక్కపెట్టే మీటరు అమ్మింది, దానికి పెట్టిన పేరుకి అర్థం పదివేల అడుగుల మీటరు అని. అంతే. యాడ్ వాళ్ళ అంకె అది, మన మోకాళ్ళని అడిగి పెట్టింది కాదు. అలాగని ఉత్తదేమీ కాదు, 2022లో బ్రిటన్లో 78 వేల మంది చేతికి మీటర్లు కట్టి చూస్తే డిమెన్షియా బాగా తక్కువ కనపడింది రోజుకి 9,800 అడుగుల దగ్గర, సగానికి సగం తక్కువ. కానీ నాలాంటి వాళ్ళకి పనికొచ్చే మాట ఆ స్టడీలోనే ఇంకోటుంది, 3,800 అడుగుల దగ్గరే 25 శాతం తక్కువ. మూడు వేల ఎనిమిది వందలు! ఆ అంకె మొదటి రోజే ఎవరన్నా చెప్పుంటే నా మోకాలు వాచేది కాదు. వేగంగా నడిచినవాళ్ళకి ఇంకా మేలు కనపడిందంట, నిమిషానికి 112 అడుగుల లెక్కన రోజులో ఓ అరగంట.

ఇప్పుడు నా పద్ధతి చెప్తా, గొప్పేం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు గట్టి నడకో ఏదో ఒకటి, దాంతోపాటు వారానికి రెండు రోజులు కండలకి పని. ఇందులో నాకు నచ్చింది వారానికి అనే మాట. రోజుకి అంటే ఒక రోజు తప్పగానే పోయింది ఇంక అని మానేస్తాం, వారానికి అంటే సోమవారం బాకీ శనివారం తీర్చుకోవచ్చు. పైగా 2020లో వాళ్ళు పది నిమిషాలకి తక్కువైతే లెక్కలోకి రాదు అన్న పాత రూలు తీసేశారు, ఐదు నిమిషాలు మెట్లెక్కినా లెక్కే.

మొదటి నెల వారానికి మూడు రోజులు, పదిహేనేసి నిమిషాలు. నవ్వొచ్చే అంకె. రెండో నెల మూడు రోజులు ఇరవై ఐదు. అలా పెంచుకుంటూ సంక్రాంతికల్లా 150కి రావాలని పెట్టుకుంటే కనుమ దాటాక వచ్చా, అరిసెల వారం రెండు రోజులు ఎగ్గొట్టా కాబట్టి. మేం నడిచేది కాలవ కట్ట మీద, నేనూ మా ఎదురింటి వదినా. గట్టిగా నడుస్తున్నామో లేదో తెలుసుకోడానికి వాచీ అక్కర్లేదు, మాట్లాడుతూ నడవగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అది మావదినకి చెప్తే పరీక్ష చేద్దాం ఉండు అని మంగళహారతి ఎత్తుకుంది, రెండో చరణం దాకా దర్జాగా పాడేసింది, అంటే మనం నడవట్లేదు వదినా ఊరేగుతున్నాం అన్నా. ఆ రోజు నుంచి స్పీడు పెంచాం. ఇప్పుడు పల్లవి కూడా పూర్తవదు, చిత్రంగా కోడళ్ళ మీద చాడీలకి మాత్రం ఊపిరి ఎక్కడ్నుంచి వస్తుందో.

ఇంటి పని చేస్తాంగా అది చాలదా అని మీ పాఠకుల్లో సగం మంది ఆడవాళ్ళు అడుగుతారు, నేనూ డాక్టర్ గారి దగ్గర అదే అన్నా. ఒప్పుకుంటా, కదలిక కదలికే, ఏదీ వృథా పోదు. కానీ ఏ ఇంటి పని? మా అమ్మ నా చిన్నప్పుడు రుబ్బురోట్లో ఇడ్లీ పిండి రుబ్బేది, బావిలో నీళ్ళు తోడేది, రెండు బిందెలు చంకనొకటి చేత్తో ఒకటి. తర్వాత గ్రైండరొచ్చింది, మోటారొచ్చింది, వాషింగ్ మిషనొచ్చింది. చాకిరీ తగ్గింది, చాలా మంచిది, మళ్ళీ రోలు తెచ్చుకోండి అని చెప్పే మగాళ్ళ వాట్సాప్ మెసేజీలంటే నాకు ఒళ్ళు మండుద్ది. కానీ ఆయాసం తెప్పించే పని పోయి విసుగు తెప్పించే పని మాత్రం మిగిలింది. పొద్దుట్నుంచి రాత్రి దాకా నిలబడే ఉంటాం, ఒక్కసారి కూడా గుండె వేగంగా కొట్టుకోదు. ఒళ్ళు అలిసిపోయిద్ది, దమ్ము పెరగదు.

కండల పని కోసం జిమ్ముకెళ్ళే ధైర్యం నాకు లేదు, ఫీజు కట్టే బుద్ధీ లేదు. గుంజీలు తీస్తన్నా. అవునండీ, స్కూల్లో హోమ్‌వర్క్ చెయ్యకపోతే తీయించే గుంజీలే, చెవులు పట్టుకోవాల్సిన పని లేదు. మోకాలి వల్ల కిందిదాకా వెళ్ళకుండా కుర్చీ అంచు తగిలేదాకా కూర్చుని లేవడం. మొదట్రోజు ఆరు. ఇప్పుడు పన్నెండు చొప్పున మూడు సార్లు, బుధవారం శనివారం, కుక్కర్ కూత కోసం ఎలాగూ నిలబడాలి కదా.

ఇదంతా మెదడుకి ఎలా చేరుతుంది అని మా కుర్రాడు అడిగాడు, మా బ్రాంచి కుర్రాడు. మెదడు బరువు ఒంట్లో రెండు శాతమే, తినేది మాత్రం ఒంటి ఇంధనంలో అయిదో వంతు. అంత తిండి చేరేది రక్తనాళాల్లోంచే, అందులో సన్నవి వెంట్రుక కన్నా సన్నం. బీపీ షుగరు ముందు కొట్టేది వాటినే, వ్యాయామం ముందు కాపాడేదీ వాటినే. జ్ఞాపకాలు దాచే హిప్పోకాంపస్ అనే భాగం పెద్ద వయసులో ఏడాదికి కొంచెం కొంచెం కుంచించుకుపోతుంది, అమెరికాలో 120 మంది 55 దాటిన వాళ్ళని రెండు జట్లు చేసి ఒక జట్టుని వారానికి మూడు రోజులు 40 నిమిషాలు నడిపిస్తే ఏడాదికి అది 2 శాతం పెరిగింది, ఉత్త ఒళ్ళు సాగదీసే వ్యాయామం చేసిన జట్టులో 1.4 శాతం తగ్గింది. 2011లో వచ్చింది అది. సైజు పెరిగితే జబ్బు రాదని గ్యారంటీ ఏం కాదు, కానీ యాభైలు దాటాక కూడా అక్కడ మార్పు ఉంటుందని నాకు ధైర్యం ఇచ్చిందది.

బీపీ మాట వచ్చింది కాబట్టి, వ్యాయామం గోల్ పక్కనే బీపీ గోల్ కూడా రాసుకోకపోతే సగం పనే. అమెరికాలోనే 2019లో వచ్చిన పెద్ద ట్రయల్లో పై బీపీని 140 కాకుండా 120 లోపు ఉంచాలని పెట్టుకుని మందులిస్తే, మతిమరుపు మొదటి మెట్టు అనుకోండి, అది 19 శాతం తగ్గింది. నాది 146 ఉండేది. నడక మొదలెట్టాక, ఉప్పు తగ్గించాక, మాత్ర మానకుండా వేసుకున్నాక ఇప్పుడు 128. ఇందులో నడకది ఎంత వంతో మాత్రది ఎంత వంతో నాకు తెలీదు, అడగను కూడా, ముగ్గురు కలిసి మోసే పల్లకీ అది. అన్నట్టు ఇప్పటికే బీపీ, గుండె జబ్బు, షుగరు ఉన్నవాళ్ళు నా ఉత్తరం చదివి రేపే పరుగెత్తకండి, మీ డాక్టర్ని ఒక మాట అడిగి మొదలెట్టండి, నడుస్తుంటే ఛాతీ పట్టేసినా కళ్ళు తిరిగినా ఆగిపోవాలి. మన వైపు ఏప్రిల్ మే ఎండల్లో ఆరున్నర దాటాక కట్ట మీద ఉండకూడదు.

జబ్బుని ఆలస్యం చెయ్యడం అంటే ఇంకోటి గుర్తొచ్చింది, కాస్త పక్కదారి పడతా. మన హైదరాబాద్ నిమ్స్‌లో 648 మంది డిమెన్షియా పేషెంట్లని చూసి 2013లో చెప్పారు, రెండు భాషలు మాట్లాడేవాళ్ళకి జబ్బు నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైందని, చదువు రాని వాళ్ళల్లో కూడా. తెలుగూ ఉర్దూ కలిపి కొట్టే హైదరాబాద్ వాళ్ళని మనం వెక్కిరిస్తాం గానీ వాళ్ళే నయం. నాలుగున్నరేళ్ళంటే చిన్న విషయం కాదు. మా అమ్మకి 70లో కాకుండా 75లో మొదలై ఉంటే మా అమ్మాయి పెళ్ళిలో తలంబ్రాలు పోసింది ఎవరి మీదో తెలిసి పోసేది.

ఇక నా అసలు గోల్. సైకిల్ పరీక్ష నాకెవరు పెడతారు, అందుకని మంగళగిరి పెట్టుకున్నా. కొండ మీద పానకాల నరసింహస్వామి గుడికి మెట్ల దారి ఉంది కదా, ఘాట్ రోడ్డు కాదు, మెట్లు. అడుగులు ఎన్నేశాం అని వాచీకి అబద్ధం చెప్పొచ్చు, చెయ్యి ఊపినా లెక్కేసుకుంటుంది అది, మెట్లకి అబద్ధం చెప్పలేం. పోయిన ఏడాది ఉగాది ముందు మొదటిసారి ఎక్కినప్పుడు ఏడుసార్లు ఆగా, నాలుగోసారి ఆగినప్పుడు ఒక ముసలాయన వీపు మీద మనవడితో నన్ను దాటి వెళ్ళాడు, వెళ్తా వెళ్తా మెల్లగా రా తల్లీ అన్నాడు. మూడు నెలలకి ఐదుసార్లు. కార్తీక మాసంలో మూడు. ఒక్కసారి కూడా ఆగకుండా ఎక్కడం నా 50వ పుట్టినరోజు గోల్, ఇంకా నాలుగు నెలలుంది. పైకెక్కాక పానకం తాగుతా, స్వామి సగం తాగి సగం వదిలిపెడతాడు, ఆ సగంలో నేను ఓ గుక్క. బెల్లమేగా అంటారు, తెలుసు, గుక్కే.

అయితే ఇదంతా నా ఒక్కదాని పట్టుదల అని రాస్తే కూడా అబద్ధమే. పొద్దున ఐదుంబావుకి నేను కట్ట మీదుంటే అమ్మ దగ్గర మా ఆయన ఉంటాడు, అది ఒప్పుకోడానికి మూడు వారాలు గొడవైంది, కాఫీ ఎవరు పెడతారు అన్నాడు, నువ్వే అన్నా. ఇంట్లో మంచాన మనిషో మతిలేని మనిషో ఉన్న ఆడవాళ్ళకి నడవండమ్మా అని పేపర్లో చెప్తే సరిపోదు, ఆ అరగంట ఇంట్లో ఎవరు చూస్తారో కూడా రాయాలి. కట్ట మీద దీపాల్లేవు, కుక్కలున్నాయి, ఈ వయసులో షోకులు అనేవాళ్ళున్నారు, అవన్నీ రాస్తే మీ పేపర్ చాలదు. మేం ఇద్దరం ఉన్నాం కాబట్టి వెళ్తున్నాం, ఒక్కదాన్నైతే వెళ్ళేదాన్ని కాదు.

నేను మిమ్మల్ని అడిగేది రెండే. మెదడు జబ్బుల వ్యాసాలు ఇకమీదట ఉద్యోగాల పేజీ పక్కనో, బంగారం రేట్ల కిందో వెయ్యండి, మా వయసు వాళ్ళ కళ్ళు పడేది అక్కడే. ఫోటోకి తాతగారొద్దు, కంప్యూటర్ ముందు వంగి కూర్చున్న నడివయసు మనిషిని వెయ్యండి, మా మేనేజర్ గారు సరిగ్గా సరిపోతారు. రెండోది, క్రమం తప్పకుండా వ్యాయామం అని రాసినప్పుడల్లా పక్కన ఒక అంకె వెయ్యండి, అది మొదలెట్టేవాళ్ళు అందుకోగలిగే అంకె అయ్యుండాలి, పదిహేను నిమిషాలో, 3,800 అడుగులో, ఆరు గుంజీలో.

నా లెక్కంతా వంటింటి గోడ మీద క్యాలెండర్లోనే ఉంటుంది. మనందరి ఇళ్ళల్లో ఉండేదే, తిథి వార నక్షత్రాలది, పాలవాడు రాని రోజు నాగా అని, గ్యాస్ బండ మార్చిన రోజు గ్యా అని రాసుకుంటాం కదా, దాంట్లోనే నడిచిన రోజు ఎర్ర పెన్నుతో నిమిషాలు, గుంజీల రోజు గుం అని. ఆదివారం మధ్యాహ్నం కూడికేస్తా. పోయిన వారం 165, అంతకుముందు 90, ఆ వారం అమ్మ రాత్రుళ్ళు నిద్రపోలేదు. అమ్మ అప్పుడప్పుడూ ఆ క్యాలెండర్ ముందు నిలబడి ఎర్ర అంకెల మీద వేలు పెట్టుకుని కూడుతుంది, ఏంటమ్మా అంటే చీటీ డబ్బులు అంటుంది. మొన్న 35, 40, 30 కలిపి నూట ఐదు అని కరెక్టుగా చెప్పింది. మీరు వేస్తానంటే ఆ పేజీ ఫోటో తీసి పంపిస్తా, పాలవాడి నాగాలు కూడా కనపడతాయి, ఏమనుకోకండి.

ఇట్లు,
ఒక బ్యాంకు ఉద్యోగిని,
కృష్ణా డెల్టా నుంచి